స్క్రీన్ మీద మెరిసే 0.2 గారికి, హన్మకొండ నుంచి

రియాక్షన్ టైమ్ గారికి శనార్థులు.

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో మీదే రాజ్యం. మా బామ్మర్ది సర్వపిండి ప్లేటు ఒళ్లో పెట్టుకుని ఫార్ములా వన్ ముందు కూర్చుంటాడు. ఐదు ఎర్ర లైట్లు సెకనుకొకటి చొప్పున వెలుగుతాయి, ఐదూ వెలిగాక కాసేపు ఆగి ఒక్కసారే ఆరిపోతాయి, ఆ కాసేపు ఎంతో డ్రైవర్లకు ముందుగా తెలియదు, అసలు టెన్షనంతా అక్కడే. కార్లన్నీ దూకుతాయి. ఆ తర్వాత, లైట్లు ఆరాక ఎవరు ఎన్ని సెకన్లకు కదిలారో చెప్పడానికి తీరిగ్గా మీరు దిగుతారు: ఒకాయనకు 0.21, ఇంకొకాయనకు 0.29.

"చూసినవా బావా, నిద్ర పోతున్నడు!" అంటాడు మావాడు. సెకనులో వందకు ఎనిమిది వంతుల ఆలస్యానికి నిద్రట! వాళ్లక్క ఉప్పు ప్యాకెట్ తెమ్మని పిలిస్తే వీడు "ఆఁ" అనడానికి పట్టే టైమ్ కొలవాలంటే స్టాప్‌వాచ్ సరిపోదు, క్యాలెండర్ కావాలి.

సరే, మీ సంగతికి వద్దాం. లైటు ఆరాలి, కన్ను చూడాలి, స్టీరింగ్ వెనకున్న క్లచ్‌ను వేలు వదలాలి, క్లచ్ పట్టుకోవాలి, టైరు రోడ్డును కరవాలి, అప్పుడు కదా కారు కదిలేది. ఇంతమంది చేసిన పనికి బిల్లు మాత్రం డ్రైవర్ పేరు మీద, అదీ దశాంశాలతో సహా! పైగా 0.2లో క్లచ్ వదిలినవాడు చక్రాలు ఉత్తినే తిరిగి నాలుగు స్థానాలు పోగొట్టుకుంటే, అప్పటికి మీరు స్క్రీన్ మీద ఉండరు. తిన్నని రోడ్డు మీద ఇద్దరిద్దరు పోటీపడే డ్రాగ్ రేసుల వాళ్లు ఈ విషయంలో నయం. రియాక్షన్‌కు ఒక లెక్క, కారు గీత వదిలి బయల్దేరాక పరుగుకు ఇంకో లెక్క, రెండూ చీటీ మీద విడివిడిగా రాసిస్తారు. అందుకే అక్కడ పరుగు టైమ్ తక్కువ ఉన్నవాడు కూడా ఆలస్యంగా లేచి ఓడిపోతుంటాడు, ఎందుకు ఓడాడో చీటీ చూస్తే తెలిసిపోతుంది.

మీతో ఇంకో చిక్కుంది. నెమ్మదిగా కదిలితే నిద్ర, మరీ వేగంగా కదిలితే దొంగ. 2017లో ఆస్ట్రియాలో బోటాస్ అనే డ్రైవర్ ఎంత చురుగ్గా లేచాడంటే జంప్ స్టార్ట్ చేశాడేమోనని, అంటే లైట్లు ఆరకముందే కదిలాడేమోనని విచారణే పెట్టారు. తీరా చూస్తే 0.201, తప్పేం లేదని వదిలేశారు, రేసూ ఆయనే గెలిచాడు. 2024లో సౌదీలోని జెడ్డాలో నోరిస్ అనే ఇంకో డ్రైవర్ కారు లైట్లు ఆరకముందే కదలడం జనమంతా టీవీలో చూశారు. కానీ కారు కదలికను పట్టే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం జంప్ స్టార్ట్ అని చెప్పలేదు, కాబట్టి శిక్ష లేదు. అంటే మా కళ్లకు సాక్ష్యం విలువ లేదన్నమాట. పరుగు పందేల్లోనైతే ఇంకా ఘోరం, తుపాకీ మోగాక కదిలినా 0.100 లోపైతే ఫౌలే. 2022లో అమెరికాలోని యూజీన్‌లో డెవన్ అలెన్ అనే హర్డిల్స్ ఆటగాణ్ని 0.099కి ఫైనల్ నుంచి బయటికి పంపారు. సెకనులో వెయ్యోవంతు! మా దగ్గర బస్సు గంట లేటైనా "వస్తది తియ్" అంటాం.

అందుకని మీకో విన్నపం. ఒక్కరోజు మా అదాలత్ సెంటర్ వైపు రండి. మీ దగ్గర లైట్లు ఎప్పుడు ఆరతాయో చెప్పరు కాబట్టి మనిషి చూసి కదలాలి. మా సిగ్నళ్లలో సెకన్లు వెనక్కి లెక్కపెట్టి మరీ చూపిస్తారు కాబట్టి చూసే పనే లేదు, అందరూ ముందే బయల్దేరతారు. మొన్న ఎర్ర లైటు పక్కన ఇంకా 3 కనబడుతుండగానే వెనక ఆటో అతను హారన్ కొట్టాడు, నేను తిరిగి చూసేలోపు పక్కనుంచి వెళ్లిపోయాడు కూడా. వెనక సీట్లో మావాడు, "బావా, నిద్ర పోతున్నవా?" అన్నాడు.

మీ స్క్రీన్ మీద మైనస్ గుర్తుకు చోటుందా?

ఇట్లు,
పచ్చ లైటు పడ్డాకే కదిలే ఓ స్కూటీవాడు