సమతాస్థితి మోడల్ గారి సముఖమునకు

మహారాజశ్రీ మోడల్ గారికి,

గుంటూరు నుంచి రాయునది. నీళ్ల పరీక్ష అంకెలు ఇస్తే, అందులో ఏ ఖనిజం కరుగుతుందో ఏది రాలుతుందో లెక్క కట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాము కదా మీరు. ఇక్కడ మే నెల ఎండలు. మీరు చల్లగా ఉన్నారని తెలుసు, మీ లోకంలో ఎప్పుడూ 25 డిగ్రీలే కదా. ఇప్పుడు మాకు ఆ అంకె ఏసీ రిమోట్ మీద తప్ప కనబడదు, బోరు నీళ్లే 30కి అటూఇటూగా వస్తాయి. ఇన్‌పుట్ ఫైల్లో ఉష్ణోగ్రత రాయడం మరిచిపోతే మీరు ఒక్క మాటా అడగరు, 25 వేసుకుని లెక్క కట్టేస్తారు.

ఒక బోరు నీళ్లు చూద్దాం. లీటరుకు కాల్షియం 80 మిల్లీగ్రాములు, బైకార్బనేట్ 305, బోరు దగ్గరే కొలిచిన పీహెచ్ 7.2. మీరు కాల్సైట్ (సున్నంలా పేరుకునే కాల్షియం కార్బనేట్ ఖనిజం) సాచురేషన్ ఇండెక్స్ +0.13 అన్నారు. ఆ అంకె ప్లస్ అయితే ఖనిజం రాలే వీలుంది, మైనస్ అయితే ఇంకా కరగగలదు, సున్నా దగ్గరైతే సమతూకం. అంటే సున్నం కరిగేదీ లేదు, పెద్దగా పేరుకునేదీ లేదు. సరే. అవే నీళ్లు సీసాలో సగానికి పట్టి, ఎండలో ఆటోలో తిప్పి, మర్నాడు ల్యాబులో చూస్తే పీహెచ్ 8.2. ఇప్పుడేమో +1.13 అంటారు! జరిగిందల్లా గోలీసోడా కొట్టడమే. నేలలో వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో బయటి గాలి కన్నా దాదాపు 45 రెట్ల ఒత్తిడితో ఉంటుంది. పైకి రాగానే బుస్సుమని పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది. పీహెచ్ ఒకటి పెరిగితే మీ ఇండెక్సూ ఒకటి పెరుగుతుంది. మీటరు బోరు దగ్గరికి మోసుకెళ్లని పాపం మాదే, ఒప్పుకుంటాం. కానీ రెండుసార్లూ అదే ధీమాతో, రెండు దశాంశ స్థానాలతో ఎలా చెప్పగలిగారండీ?

అల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఈ నీళ్లలో అది ఎక్కువగా బైకార్బనేట్‌దే) సంగతి ఇంకా ఘోరం. ల్యాబు కాగితం మీద 250 అని ఉంటుంది. అది కాల్షియం కార్బనేట్ లెక్క, బైకార్బనేట్ కావాలంటే 1.22తో హెచ్చవేయాలి. ఎవరో 250నే బైకార్బనేట్‌గా కొట్టేస్తారు. రుణావేశాలు తగ్గి, ధనావేశాలతో సరిపోవాల్సిన ఛార్జి లెక్కలో తేడా 5 శాతం దాటుతుంది. అప్పుడైనా ఆగాలా వద్దా? క్లోరైడ్ పక్కన ‘ఛార్జ్’ అని ఒక్క ముక్క తగిలిస్తే చాలు, లీటరుకు 32 మిల్లీగ్రాముల క్లోరైడ్ గాల్లోంచి పుట్టించి ఖాతా కలిపేస్తారు. మిర్చి యార్డులో కాటా తేడా వస్తే గుమాస్తా బస్తా విప్పి చూస్తాడు. మీకు ఆ పాటి అనుమానం కూడా రాదు.

నీళ్లలో కరిగిన అయాన్లు (ఆవేశమున్న కణాలు) ఒకదాన్నొకటి ఎంత లాక్కుంటాయో డిబై, హకెల్ అనే శాస్త్రవేత్తలు 1923లోనే చెప్పారు. మా బోరు నీళ్లలో కాల్షియం మూడింట రెండు వంతుల బలంతోనే పనిచేస్తుంది, అది మీరు సరిగానే పట్టుకుంటారు. చినగంజాం ఉప్పుమడుల నీళ్లకూ అదే సూత్రం వాడేవాళ్లున్నారు. అక్కడికి చిక్కటి ఉప్పునీళ్లకు పనికొచ్చే పిట్జర్ సమీకరణాలు కావాలి.

ఇక కాలం. మీ ప్లస్ గుర్తు జాతకంలో వివాహ యోగం లాంటిది, ఉందంటారు గానీ ఎప్పుడో చెప్పరు. లాండ్ అనే శాస్త్రవేత్త డోలమైట్‌కి (కాల్షియం, మెగ్నీషియం కార్బనేట్ ఖనిజం) వెయ్యి రెట్లు అతిసంతృప్తమైన ద్రావణాన్ని 25 డిగ్రీల దగ్గర 32 ఏళ్లు ఉంచి, ఒక్క రవ్వ కూడా రాలలేదని 1998లో రాశాడు. అన్నేళ్లూ పెళ్లిచూపులే. కాల్సైట్ మాత్రం గీజరు రాడ్డు మీద దర్జాగా కాపురం పెడుతుంది, వేడెక్కేకొద్దీ అది తక్కువ కరుగుతుంది మరి. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్ల పొర కడుతుందంటే మాత్రం మీరు మౌనం.

ఇట్లు,
మీ అవుట్‌పుట్ ప్రింట్లు తీసేవాళ్లు

తా.క. ఒక్క విషయంలో మీకు దండం. ఫ్లోరైట్ (కాల్షియం, ఫ్లోరైడ్ కలిసిన ఖనిజం) కరిగే సూత్రం ప్రకారం కాల్షియం 80 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా నిలవగలదు. కాల్సైట్‌గా రాలిపోయి కాల్షియం 20కి పడిపోతే ఆ హద్దు 6 దాకా జరుగుతుంది. తాగే నీళ్లకు, వేరే నీటి వనరు లేనప్పుడు కూడా, మన ప్రమాణాలు గరిష్ఠంగా ఒప్పుకునేది 1.5. అంటే పప్పు ఇట్టే ఉడికే, సబ్బు బాగా నురగొచ్చే మెత్తటి నీళ్లనే ముందు పరీక్షకు పంపాలి. ఆ మాట మీరు చెప్పారు, కాదనం. నాలుగో పేజీ అడుగున, ఫ్లోరైట్ వరుసలో, మైనస్ గుర్తు వెనకాల.