ఒక్క నిమిషం పట్టుకోండి సార్

భుజాలు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. కాబట్టి ఇది చదివేటప్పుడు మధ్యమధ్యలో కోపం తగిలితే కాస్త సర్దుకుపోవాలి.

పాత మెట్లు తీసేసి కొత్తవి పెట్టించాం. ఇనుప ఫ్రేము, దానిమీద చెక్క పలకలు, పక్కన గాజు రెయిలింగ్. ఎందుకు, ఏమిటి అన్నది మా ఆవిడ చెప్పాలి. నా వంతు సంతకాలు పెట్టడం వరకే. కంపెనీ నుంచి డిజైనర్ కుర్రాడు లేజర్ మీటరుతో వచ్చాడు. ఎర్ర చుక్క గోడమీద పడగానే అంకె వచ్చేస్తుంటే మేమంతా నోళ్లు తెరుచుకుని చూశాం. తర్వాత లాప్‌టాప్‌లో త్రీడీ వీడియో వేశాడు. అందులో మెట్లు గాలిలో తేలుతున్నాయి. ఎవరో సన్నటి అమ్మాయి దేన్నీ పట్టుకోకుండా నడిచి పైకి వెళ్లిపోయింది. మా ఇంట్లో అలా నడిచేవాళ్లు ఎవరూ లేరు.

అంతటితో ఊరుకోలేదు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బ్లాండెల్ అనే ఆయన మెట్లకు ఒక సూత్రం చెప్పాడట. మెట్టు ఎత్తుకు రెండింతలు, దానికి అడుగు పెట్టే పలక వెడల్పు కలిపితే మనిషి వేసే ఒక అంగకు సరిపోవాలి. ఇప్పటి కొలతల్లో అటూ ఇటూగా 60 నుంచి 65 సెంటీమీటర్లు. "మీకు ఎత్తు 17, పలక 28. మొత్తం 62. పర్ఫెక్ట్ సార్" అన్నాడు. నేను పడిపోయింది అక్కడే. మూడు వందల ఏళ్ల నాటి సూత్రం తెలిసిన కుర్రాడికి మా హాలు నేల ఎక్కడుందో తెలియదని ఎలా అనుకుంటాం?

ఎందుకంటే అతను కొలతలు తీసుకున్న రోజుకి హాల్లో కొత్త రాయి వేయలేదు. ఆ రాతి పలకలు మూలన పేర్చి ఉన్నాయి. అతను లాప్‌టాప్ పెట్టుకుని లెక్కలు వేసింది వాటిమీదే! రాయి, దాని కింద సిమెంటు కలిపి నేల 5 సెంటీమీటర్లు పైకి లేచింది. మొదటి మెట్టు 17 కాస్తా 12కి దిగింది. మిగతావన్నీ 17. అప్పటినుంచి మా ఇంట్లో పైకి ఎక్కేవాళ్లు మొదటి మెట్టుమీద కాలు అవసరం కన్నా ఎత్తి దబ్బున వేస్తున్నారు, రెండోదానికి తట్టుకుంటున్నారు. దిగేవాళ్లకైతే అనుకున్న చోటికంటే ముందే నేల వచ్చేసి వెన్నెముక ఝల్లుమంటోంది. కాలికి ఒక లయ అలవాటు పడ్డాక కళ్లు చెప్పినా వినదు. అమెరికాలో ఇళ్లకు వాడే కోడ్‌లో ఒకే వరుసలో ఉన్న మెట్ల ఎత్తుల మధ్య తేడా 3/8 అంగుళం, అంటే ఒక సెంటీమీటరు కూడా దాటకూడదని రాసుకున్నారు. మాకు అయిదు. కంపెనీకి ఫోన్ చేస్తే "కొత్త కదా సార్, అలవాటైపోతుంది" అన్నారు.

సరే, గాజు వచ్చిన రోజు.

ఫిట్టర్, అతని హెల్పర్ మొదటి పలకను మోసుకొచ్చారు. 12 మిల్లీమీటర్ల మందం. ఆ మందం గాజు చదరపు మీటరుకు 30 కిలోలు తూగుతుంది. మాది దాదాపు అంతే. ఫ్రేము పక్కకి బోల్టులతో బిగించాలి. పై బోల్టు రంధ్రంలోకి చక్కగా దూరింది. కింది బోల్టు దగ్గరికి వచ్చేసరికి పలక దిగనంది. దాని కింది మూల హాలు రాయికి తన్నుతోంది.

"ఇదేంటి సార్, ఇలా వచ్చింది?" అని ఫిట్టర్ నన్నే అడిగాడు.

"మూల కాస్త కోసేస్తే?" అన్నాను. అతను నావైపు జాలిగా చూసి, కుదరదన్నాడు. పాపం అతను చెప్పిందీ నిజమే. టఫెన్డ్ గాజుకి కోతలు, రంధ్రాలు అన్నీ ముందే అయిపోవాలి. 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. ఆ తర్వాత కట్టర్ ఆనిస్తే పలక మొత్తం గులకరాళ్లంత ముక్కలైపోతుంది. నడిమధ్యన గుద్దినా ఓర్చుకుంటుంది గానీ, మూల రాయికి టక్కున తగిలితే మాత్రం నమ్మకం లేదు.

"ఒక్క నిమిషం పట్టుకోండి సార్. మూల రాయికి తగలనివ్వకండి. ఆఫీసుకి ఫోన్ చేసొస్తా, లోపల సిగ్నల్ లేదు" అని బయటికి వెళ్లాడు. హెల్పర్ కూడా వ్యాన్‌లోంచి ఏదో తెస్తానంటూ అతని వెనకే నడిచాడు.

నా పరిస్థితి ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది వరకు చెప్పిన వాళ్లెవరికీ సరిగ్గా అర్థం కాలేదు. నేను రెండో మెట్టుమీద ఉన్నాను. పలక పై బోల్టుకు వేలాడుతోంది. కింది మూలేమో రాయివైపు జారాలని చూస్తోంది. అది జారకుండా ఒక చేత్తో కింది అంచు ఎత్తిపట్టి, రెండో చేత్తో పక్క అంచు కౌగిలించుకున్నాను. ముఖం గాజుకి అంటుకుపోయింది. కంటికి బెత్తెడు దూరంలో మూలన కంపెనీ ముద్ర ఉంది, గాజులోకే దిగిపోయి చెరగకుండా. ఆ ముద్రలోని అక్షరాలు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తాయి. వెనకవైపు నుంచి తిరగేసి చదివాను మరి.

ఈలోగా మా ఆవిడ వచ్చింది. అటువైపు నుంచి నన్ను పరీక్షగా చూసింది. సాయం పడుతుందనుకున్నాను.

"ఏమండీ, మీ ఊపిరికి గాజంతా మసకబారుతోంది. కాస్త పక్కకి వదలండి."

పక్కకి వదిలాను. అప్పుడే ముక్కు దురద మొదలైంది. చేతులు రెండూ పనిలో ఉన్నాయి కాబట్టి ముక్కుని గాజుకే రాశాను. "అయ్యో, మరక!" అని ఆవిడ గుడ్డకోసం లోపలికి పరిగెత్తింది.

ఆవిడ అటు వెళ్లగానే మా చిన్నాడు బంతితో దిగాడు. రెయిలింగ్‌లో ఏ సందులోంచీ 10 సెంటీమీటర్ల బంతి దూరకూడదు, దూరితే పసిపిల్లల తల ఇరుక్కునే ప్రమాదం ఉంటుందని డిజైనర్ వీడికి చెప్పి వెళ్లాడు. అప్పటినుంచి వీడు మా ఇంటి సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. వచ్చి పలక కింద బంతి తోస్తున్నాడు. "నాన్నా, పట్టట్లేదు! పాస్!" అని అరుస్తున్నాడు. పట్టదురా నాయనా, అక్కడ వేలు కూడా పట్టదు, అదే కదా గొడవ. వాణ్ని గట్టిగా కేకేద్దామంటే కేకకి చేతులు కదులుతాయేమోనని భయం. "కన్నా, బంగారం, అటెళ్లి ఆడుకోమ్మా" అని గుసగుసలాడాను. వాడు నేనంత మర్యాదగా మాట్లాడటం ఎప్పుడూ విని ఉండడు, భయపడి వెళ్లిపోయాడు.

తర్వాత బాబాయి వచ్చాడు. కొత్త మెట్లు చూద్దామని.

"ఏరా, ఏం చేస్తున్నావక్కడ?"

"రెయిలింగ్ పట్టుకున్నాను బాబాయ్."

"మనం పడకుండా అది చూసుకోవాలి గానీ, అది పడకుండా మనం చూసుకోవడం ఏంట్రా?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

"ఉండు, నేనొస్తున్నా" అని బాబాయి గబగబా బయల్దేరాడు. వద్దు బాబాయ్, మొదటి మెట్టు, మొదటి మెట్టు అంటూనే ఉన్నాను. పన్నెండు సెంటీమీటర్ల మెట్టుమీద పదిహేడు సెంటీమీటర్ల అడుగు వేశాడు. ముందుకు తూలాడు. ఏ మనిషైనా అలాంటప్పుడు పక్కనున్న హ్యాండ్ రెయిల్ కోసం చెయ్యి చాపుతాడు. మాకు హ్యాండ్ రెయిల్ లేదు. గాజుమీద కర్ర పెడితే "మినిమల్ లుక్" పోతుందట. అందుకని బాబాయి చేతికి అందిన ఏకైక ఆధారం నా చొక్కా.

పట్టుకున్నాడు. మనిషి నిలబడ్డాడు. నా చొక్కా పైబొత్తాం మాత్రం తెగి ఎగిరి గాజుకి తగిలింది.

టిక్.

అందరం బిగుసుకుపోయాం. గుడ్డతో వస్తున్న మా ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. బాబాయి నా చొక్కా వదల్లేదు, నేను గాజు వదల్లేదు. బొత్తాం మాత్రం నింపాదిగా మెట్లమీద దొర్లుకుంటూ వెళ్లి కొత్త రాయిమీద పడి, గిర్రున తిరిగి పడుకుంది. పలకకు ఏమీ కాలేదు. బొత్తాం దెబ్బకి టఫెన్డ్ గాజు పగలదని తెలుసు. తెలిసి ఏం లాభం, ఆ క్షణంలో నా గుండెకి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఆఫీసువాళ్లే అయి ఉంటారని మా ఆవిడ చేత తీయించి స్పీకర్ పెట్టించాను. ఆఫీసువాళ్లే. కాకపోతే రికార్డు చేసిన గొంతు. "మా ఇన్‌స్టాలేషన్ సేవలు మీకు ఎలా అనిపించాయి? చాలా బాగుంటే 5 నొక్కండి. అస్సలు బాగోలేకపోతే 1 నొక్కండి."

"ఒకటి! ఒకటి నొక్కు!" అని అరిచాను. కేక వేయకూడదన్న సంగతే మర్చిపోయాను. ఆవిడ ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో ఫోన్, కళ్లేమో గాజుమీది ముక్కు మరకమీద. బొటనవేలు ఎక్కడ పడిందో ఆవిడకే తెలియదు. "ధన్యవాదాలు" అంది ఆ గొంతు.

హెల్పర్ వచ్చాడు. చేతిలో రెండు చెక్కముక్కలు, నా అరచేయంత ఉంటాయేమో. ఒకటి పలక కింద తోశాడు, ఇంకోటి పక్కన దోపాడు. "వదిలేయండి సార్" అన్నాడు. వదిలేశాను. గాజు కదల్లేదు. ఇంతసేపూ ఆ పని చేయాల్సింది ఆ రెండు చెక్కముక్కలన్నమాట.

పలక వెనక్కి పోయింది. ప్రస్తుతం మెట్ల పక్కన తాడు కట్టి ఉంది. కొత్త పలక ఎవరి ఖర్చు అన్నదానిమీద చర్చ నడుస్తోంది. డిజైనర్ రాయి వేసినవాళ్లని అంటాడు, రాయివాళ్లు డ్రాయింగ్‌ని అంటారు, ఫిట్టర్ "సైట్ కండిషన్ సార్" అంటాడు. నిన్న నేరుగా వాళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి మొదటి మెట్టు దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, ఏదో టైప్ చేసుకుని, "కానీ సార్, మా రికార్డులో మీరు 5 ఇచ్చినట్టుంది కదా?" అంది.