పదును తెలిసిన చేతులకు ఒక బల్ల

ఈ ఏడాది ఒహాయోలోని మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం ముగిసి పిల్లల నృత్యాలు మొదలయ్యే వేళకు, మా అత్తగారు ఇంట్లో దీపాల వెలుగులో పెంచిన బీర, సొర నారు హాలు వెనక తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట ఉంది. పచ్చడి పంచే బల్ల పక్కన చోటిస్తామని ముందే మాట ఇచ్చారు గాని, తీరా వెళ్ళేసరికి అక్కడ నగల దుకాణం వెలిసింది. తలుపు తెరిచినప్పుడల్లా ఒహాయో మార్చి గాలి విసిరికొట్టి, భోజనాల వేళకే ఆకులు వేలాడిపోయాయి. సాయంత్రం సర్దేటప్పుడు నారున్న ఆ 40 కప్పులనూ విస్తళ్ళతో కలిపి చెత్తసంచిలో వేసేశారు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఇంటికి వచ్చి, గోళ్ళలో మిగిలిన మట్టిని చాలాసేపు కడుక్కున్నారు.

ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రులు మేలుకొని ఇంత పండుగ నడిపే కార్యకర్తలను నొప్పించాలని ఇది రాయడం లేదు; వచ్చే ఉగాదికి ఒక విత్తనాల బల్ల అడగాలని రాస్తున్నాను. నారు ఉగాదికి తేవడంలో మా పొరపాటూ ఉంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది, ఈ ఏడాది మార్చి 19నే వచ్చేసింది. కొలంబస్ చుట్టుపక్కల మే నెల సగం గడిచేదాకా మంచు భయం పోదు. రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీటుకు దిగితే బీర, సొర మొక్కలు ముడుచుకుపోతాయి. కనుక ఇక్కడ ఉగాదికి పంచవలసినది విత్తనాన్ని, నారును కాదు.

ఆ సంగతి మేము నేలను అడిగి నేర్చుకున్నాం. రెండేళ్ళ క్రితం ఊరికి దూరంగా, అంతకుముందు మొక్కజొన్న, సోయా పండిన ఐదెకరాలు కొన్నాం. మొదటి ఏప్రిల్‌లో ఎండ కనిపించగానే టిల్లరు అద్దెకు తెచ్చాం. నరసరావుపేట దగ్గరి పల్లెలో నల్లరేగడి సేద్యం చూస్తూ పెరిగిన మా అత్తగారు మట్టిని గుప్పిట్లో పిసికి, ఉండ చేసి, బొటనవేలితో నొక్కి చూశారు. ఉండ విడిపోకుండా చదునుగా అణిగింది. "ఇంకా పదును రాలేదమ్మా, పది రోజులు ఆగండి" అన్నారు. దున్నడానికి తగినంతగా మట్టి తడి ఆరలేదని ఆవిడ మాట. మేము ఆగలేదు. తడి బంకమన్ను దున్నితే పెళ్ళలు ఇటుకల్లా బిగిసి ఆగస్టుదాకా విడవవని ఆ ఏడాది పంట లేక తెలుసుకున్నాం. మరుసటి వసంతంలో పక్క పొలం రైతు కంచె దగ్గరికి వచ్చి, వంగి గుప్పెడు మట్టి తీసి, అచ్చం అలాగే పిసికి, బొటనవేలితో నొక్కి తల అడ్డంగా ఊపాడు. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరూ ఒకరి అరచేతిలోకి ఒకరు చూసుకొని నిలబడ్డారు.

ఆ రెండో ఏడాది ఆగాం. మట్టి పరీక్షకు పంపాం, తవ్వే ముందు భూమిలోని తీగల కోసం 811కి ఫోను చేశాం, జింకలకు 8 అడుగుల కంచె కట్టాం. మన రోహిణి కార్తె వచ్చే మే చివరి వారంలో, రాత్రంతా నానబెట్టి తడిబట్టలో మూటగట్టిన గింజలను పాదుకు మూడేసి చొప్పున పెట్టాం. పందిరి ఆగస్టుకు నిండింది.

అయితే ఇంటి అలవాట్లన్నీ ఇక్కడికి సరిపోవు. పొద్దు తగ్గితే గాని పూయని మన చిక్కుడు రకాలు ఇక్కడ పూత పట్టేసరికి అక్టోబరు మంచు పడుతుంది. పేడ ఎక్కడ దొరికినా బంగారమే అనుకుంటాం గాని, కలుపుమందు కొట్టిన గడ్డి తిన్న గుర్రాల ఎరువు వేస్తే టమాటా, చిక్కుడు ఆకులు మెలితిరిగిపోతాయి. ముందుగా ఆ ఎరువు కలిపిన ఒక కుండీలో నాలుగు చిక్కుడు గింజలు మొలిపించి చూసుకోవాలి. చీర మడతల్లో విత్తనాలు దాచి తేవడం మానుకోవలసిన పని. పొట్లానికి 50 గింజలకు మించని చిన్న మొత్తాలు తెప్పించుకోవడానికి అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి పత్రం ఇస్తుంది. పెద్దవాళ్ళకు ఇవి చెప్పేవారు లేరు, పిల్లలకు పదును అంటే ఏమిటో చెప్పేవారు లేరు.

సందర్శకుల వీసా మీద ఆరు నెలలకు వచ్చి, కారు నడపలేక, పగలంతా కిటికీ దగ్గర గడిపే తల్లిదండ్రులు మనలో ఎన్ని ఇళ్ళలో ఉన్నారో కార్యవర్గానికి తెలుసు. వేదిక మీద శాలువా కప్పితే వారికి సంతోషమే; కాని వారికి బాగా తెలిసిన పని గురించి ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆ ముఖాలు వెలిగే తీరు వేరు. అందుకే నేను వేడుకునేది రెండే. ఉగాది నాడు హాలు లోపల, పచ్చడి పక్కన, నాలుగు కుర్చీలతో ఒక విత్తనాల బల్ల వేయండి. నారు పంపకాన్ని మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే తరువాత జరిగే వనభోజనానికి మార్చండి.

నిరుడు తీగ మీదే ముదరనిచ్చి మంచుకు ముందు కోసిన రెండు బీరకాయలు మా వంటింటి మేకుకు వేలాడుతున్నాయి. కదిపితే లోపల గింజలు గలగలలాడుతున్నాయి. చోటిస్తే వచ్చే ఉగాదికి ఆ బల్ల మీద వాటిని మా అత్తగారి చేతనే విప్పిస్తాను.