నోరు తెరవని డైనోసార్ గారికి

మాల్ పై అంతస్తులో కొత్తగా దిగిన, వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొట్టి ఆడే పిన్‌బాల్ మిషన్లో కొలువున్న డైనోసార్ గారికి నమస్కారాలు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం మన విశాఖలో గాజువాక నుంచి సిరిపురం దాకా, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఎండలో ఉడుక్కుంటూ, మా మేనల్లుణ్ణి వెంటేసుకుని వచ్చింది కేవలం తమరి దర్శనానికే. పోస్టర్లో తమరు నోరు బార్లా తెరిచి, ఉక్కు బంతిని కరుచుకుని విసిరేస్తున్నారు. తీరా వచ్చి చూస్తే తమరు ఉలకరు, పలకరు. నానా తంటాలు పడి గురి చూసి కొట్టిన 80 గ్రాముల బంతి తమ గడ్డానికి టక్కున తగిలి, తిన్నగా బంతిని కొట్టే రెండు రెక్కల, అదే ఫ్లిప్పర్ల, మధ్య నుంచి కింద డ్రెయిన్ కన్నంలో పడింది.

"ఏటి మావయ్యా, దీని నోరు తెరుచుకోదా?" అన్నాడు వాడు.

కౌంటర్లో అబ్బాయి తల కూడా ఎత్తలేదు. "అది ప్రీమియంలో సార్. ఇది ప్రో."

ఇంటికొచ్చి తమ వంశం గురించి చదివాను. ఒకే ఆటకి ప్రో, ప్రీమియం, లిమిటెడ్ ఎడిషన్ అని మూడు మోడళ్లు, అంటే ముగ్గురు అన్నదమ్ములట. అమెరికాలో తమరి ధర 7 వేల డాలర్ల దరిదాపుల్లో, పెద్దన్నది 13 వేల దరిదాపుల్లో. ప్రీమియంకీ లిమిటెడ్‌కీ ఆటలో తేడా దాదాపు సున్నా. మిషన్ తల మీద అద్దంలా మెరిసే బొమ్మ పలక (బ్యాక్‌గ్లాస్), ఒళ్లు అదిరించే షేకర్ మోటారు, నంబరు కొట్టిన పలక, వీటికే ఇంకో 3 వేల డాలర్లు, అంటే మన లెక్కలో రెండున్నర లక్షల పైమాటే. సరే, డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకు.

నా బాధల్లా తమరితోనే. నోరు కదిలించే మోటారు తీసేశారు, బాగానే ఉంది, మరి మొహం ఎందుకు వదిలేసినట్టు? బేస్ మోడల్ కార్లో బటన్ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ బిళ్ళ అతికించి, నువ్వు కొనలేదురా అని రోజూ గుర్తు చేసినట్టు! బొమ్మే లేకపోతే నా బంతేదో నేను చూసుకునేవాణ్ణి. ఆ పళ్ళు, ఆ ఎర్ర నాలుక, దాని మీద సన్నగా దుమ్ము కూడా పట్టింది, అన్నీ పెట్టి నోరు మాత్రం కదలదంటే ఒళ్లు మండదూ? పోస్టర్లో అన్నగారి ఫొటో వేసి హాల్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టడం మోసం కాదా? మోసమే!

నిజం చెప్పొద్దూ, ఆట మాత్రం బాగుంది. ఫ్లిప్పర్లు 1947లో వచ్చాయి, అప్పుడు ఏ డైనోసార్ నోరు తెరిచిందని? మోటార్లు తక్కువైతే రిపేర్లూ తక్కువని గేమ్ జోన్ల వాళ్లు తమరినే కొంటారట. మన ఉప్పుగాలికి అదే మేలేమో.

ఆ పోస్టర్ మాత్రం పీకించండి. ఎడమ ఫ్లిప్పర్ కూడా చూడమనండి, బంతి సగం ర్యాంపు ఎక్కి వెనక్కి జారుతోంది.

ఇట్లు,
గేమ్ కార్డులో మిగిలిన 140 రూపాయలు వెనక్కివ్వరట కాబట్టి మళ్ళీ వచ్చి తీరాల్సిన
తమ భక్తుడు