డీరెయిలర్ గారి హోదా

బెంగళూరులో మనిషి ఎంతటివాడో తెలియాలంటే ఇన్నాళ్లూ మెడలో వేలాడే ఐడీ కార్డు చూస్తే సరిపోయేది. ఇప్పుడు అతని సైకిలు వెనక చక్రం దగ్గర వేలాడుతూ, చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే డీరెయిలర్ కూడా చూడాలి. మారతహళ్లి, బెళ్లందూరు అపార్ట్‌మెంటు సెల్లార్లలో ఆదివారం పొద్దున్నే మనవాళ్లు వంగి వంగి చూసుకునేది దాన్నే. "మీదేంటండీ, డియోరేనా?" అన్న ప్రశ్నకూ "మీ అల్లుడు ఏ బ్యాండు?" అన్న ప్రశ్నకూ తేడా వెతకడం దండగ.

ఇది న్యాయమైన పద్ధతి. నవ్వేవాళ్లు గేర్లు తయారుచేసే జపాను కంపెనీ షిమానో వారి నిచ్చెన ఎప్పుడూ పరిశీలించి ఉండరు. అట్టడుగున టూర్నీ, ఆపైన ఆల్టస్, అసేరా, అలీవియో, డియోర్, ఎస్ఎల్ఎక్స్, ఎక్స్‌టీ, అందరి నెత్తిమీదా ఎక్స్‌టీఆర్. ట్రైనీ నుంచి వైస్ ప్రెసిడెంటు దాకా ఎనిమిది మెట్లు. 2023లో ఆ కంపెనీయే కింది మెట్లలో చాలావాటిని కలిపేసి క్యూస్ అని పేరు పెట్టి, యూ4000, యూ6000, యూ8000 అని నంబర్లు ఇచ్చింది. పాత డిజిగ్నేషన్లు ఎత్తేసి గ్రేడు నంబర్లు అంటించడాన్ని ఏమంటారో ఈ ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. (క్యూస్‌లో పళ్లు దిట్టంగా ఉండే లింక్‌గ్లైడ్ క్యాసెట్లు, అంటే వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తులు, ఉన్నాయి, మూడింతలు మన్నుతాయని కంపెనీ మాట. మన్నికతో హోదా రాదు కాబట్టి ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.)

ఎదురు పక్షం అమెరికా వారి శ్రామ్. అక్కడ ఎస్ఎక్స్, ఎన్ఎక్స్, జీఎక్స్ అని పొడి అక్షరాలు, పక్కన ఈగిల్ అనే గద్ద. తైవాన్ నుంచి మైక్రోషిఫ్ట్ అని మూడోవాడున్నాడు. వాడి అడ్వెంట్ ఎక్స్‌కి 10 గేర్లు, 11 నుంచి 48 పళ్ల క్యాసెట్, చైను ఊగకుండా క్లచ్, అన్నీ ఉన్నాయి. ఇంటిపేరు లేదు, అంతే. సంబంధం కుదరదు.

ఈ హోదా పిచ్చి దుకాణాల వారికి బాగా తెలుసు. అందుకే కొన్ని సైకిళ్లకు బయటికి కనిపించే డీరెయిలర్ మాత్రం డియోర్ బిగిస్తారు. హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టర్ రెండు మెట్లు కిందది, క్యాసెట్, చైను ఊరూ పేరూ లేనివి. పైన పటారం, లోన లొటారం. నిజానికి ‘టిక్’ అనే ఆ చప్పుడు పుట్టేది షిఫ్టర్లో. ఒక్కో టిక్కుకు కేబుల్ ఎన్ని మిల్లీమీటర్లు లాగాలో తేల్చేది అదే. డీరెయిలర్ చెప్పింది చేసే గుమాస్తా. శ్రామ్ షిఫ్టర్‌కి షిమానో డీరెయిలర్ తగిలించి చూడండి: ఇద్దరి లాగుడు లెక్కలు వేరు, ఒక గేరు కుదిరితే రెండోది కుదరదు.

ఇక గేర్ల సంఖ్య.

"అన్నా, దీనికి ఫ్రీహబ్ ఏది?"

"సార్, ఇరవై ఒక్క గేర్లు సార్!"

ఇరవై ఒకటి డియోర్ వారి పన్నెండు కన్నా పెద్ద సంఖ్య, ఒప్పుకోవాల్సిందే. ఆ ఇరవై ఒకటిలో ముందు మూడు చక్రాలకు 42, 34, 24 పళ్లు. వెనక ఏడు చక్రాలకు 14 నుంచి 28. అతి తేలిక గేరు 24ను 28తో భాగిస్తే 0.86, అతి బరువు గేరు 42ను 14తో భాగిస్తే 3. అంటే వ్యాప్తి (బరువు గేరు తేలిక గేరుకు ఎన్నింతలో ఆ లెక్క) 350 శాతం. డియోర్ పన్నెండు గేర్లలో ముందు 32 పళ్ల చక్రం (చైన్‌రింగ్) ఒక్కటే, వెనక 10 నుంచి 51: తేలికది 0.63, బరువైనది 3.2, వ్యాప్తి 510 శాతం. పైనా కిందా రెండు వైపులా పన్నెండే గెలిచింది. మరి ఆ ఇరవై ఒకటీ ఏమయ్యాయి? 42కి 24 వేస్తే 1.75, 34కి 20 వేస్తే 1.70, 24కి 14 వేస్తే 1.71. ఒకే గేరు మూడు రేషన్ కార్డులు తీసుకుంది. నంది హిల్స్ ఎత్తు 1478 మీటర్లు; ఆ చివరి మలుపుల్లో పిక్కలు అడిగేది 0.63నా 0.86నా అని, గేర్లెన్నని కాదు.

ఇప్పుడు హోదా లేని ఒక వస్తువు గురించి అయిష్టంగానే మాట్లాడాలి. అది వెనక చక్రం నడిబొడ్డున ఉండే హబ్. బయటికి కనపడదు, పేరు చెప్పుకోవడానికి పనికిరాదు, కాబట్టి ఎవరూ అడగరు. దుకాణంలో సైకిలు వెనక చక్రం కాస్త పైకెత్తి, పళ్లచక్రాలను వెనక్కి తిప్పండి. అతి చిన్న చక్రం పక్కన, మధ్యలో, టూలు పట్టే గాట్లు కనిపిస్తాయి. అవి కూడా తిరిగితే అది క్యాసెట్. అవి కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే అది మర బిగించే పాత ఫ్రీవీల్. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగ్ చాలా లోపలికి ఉంటుంది, ఇరుసు చివర ఆసరా లేకుండా వేలాడుతుంది. ఎనభై కిలోల మనిషి కూర్చుని బెంగళూరు గుంతల్లో దింపితే ఆ ఇరుసు వంగడం ఆశ్చర్యం కాదు, వంగకపోవడం ఆశ్చర్యం. దాని మీద ఎక్స్‌టీ డీరెయిలర్ వేలాడదీసినా ఇరుసు గౌరవించదు.

క్యాసెట్ అని తేలిందా, అసలు పేచీ అప్పుడు మొదలు. హబ్ మీద క్యాసెట్ ఎక్కే భాగాన్ని ఫ్రీహబ్ బాడీ అంటారు. పాత హెచ్‌జీ రకం మీద మామూలుగా 11 పళ్ల కన్నా చిన్న చక్రం పట్టదు. శ్రామ్ ఎన్ఎక్స్ దాని మీదే ఎక్కుతుంది, అందుకే 11 నుంచి 50, బరువు 600 గ్రాముల పైచిలుకు. జీఎక్స్ 10 నుంచి 52, బరువు 450 చుట్టుపక్కల. కానీ దానికి ఎక్స్‌డీ అనే వేరే బాడీ కావాలి. షిమానో 10-51కి మైక్రో స్ప్లైన్ అనే ఇంకో బాడీ. "ఇప్పుడు చవకది కొని ఏడాది తర్వాత అప్‌గ్రేడ్ చేద్దాం" అనుకునేవాళ్లు ముందే తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ హబ్‌కి ఆ బాడీ దొరుకుతుందా? దొరక్కపోతే క్యాసెట్‌తో పాటు చక్రం కూడా కొనాలి. కొసరు కన్నా అసలు తక్కువ.

షిమానో, శ్రామ్ ఇద్దరిలో ఎవరు మేలని పట్టుబడితే: రోజూ పట్టించుకోని మనిషికి డియోర్. తొక్కుతూ మధ్యలో గేరు మార్చినా గొణుక్కోకుండా మారుతుంది. షిమానోలో కేబుల్‌ని వదిలే లీవరు బొటనవేలితో నొక్కొచ్చు, చూపుడువేలితో లాగొచ్చు. శ్రామ్‌లో రెండూ బొటనవేలికే. ఈగిల్‌కి పై పుల్లీకీ (డీరెయిలర్లో చైను తిరిగే రెండు బుల్లి చక్రాల్లో పైది) పెద్ద చక్రానికీ మధ్య ఎడాన్ని గేజ్ అనే కొలత ముక్క పెట్టి సరిచేయాలి, సస్పెన్షన్ సైకిలైతే మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు కొలవాలి. ఆ ఎడం తప్పితే గద్ద కాస్తా కాకి. షిమానో క్లచ్‌కి ఆన్, ఆఫ్ మీట ఉంది. చక్రం విప్పేటప్పుడు ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోయి, తురహళ్లి అడవిలో చైను ఫ్రేముకు డప్పు వాయిస్తుంటే కంపెనీని తిట్టే సదుపాయం కూడా ఉంది.

కొన్న నెలకు గేర్లు జారుతున్నాయని అందరూ డీరెయిలర్‌నే నిందిస్తారు. కొత్త కేబుల్ సర్దుకుంటుంది, అంతే. చైను పెద్ద చక్రం ఎక్కడానికి బద్ధకిస్తే షిఫ్టర్ దగ్గర కేబుల్ బిగువు మార్చే మరని (బ్యారెల్) అపసవ్యంగా పావు చుట్టు తిప్పాలి. చిన్న చక్రానికి దిగడానికి బద్ధకిస్తే సవ్యంగా. రెండు వైపులా బద్ధకిస్తే కేబుల్లో ఎర్రమట్టి చేరిందని అర్థం. అప్పటికీ కుదరకపోతే సైకిలు వెనక గొంతు కూర్చుని చూడండి: రెండు చిన్న పుల్లీలూ పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. లోపలికి వాలి ఉంటే హ్యాంగర్, అంటే డీరెయిలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, వంగింది. లిఫ్టులో నిలబెట్టినప్పుడు కుడివైపు పడిన ఒక్క పాటు చాలు. దాన్ని అలాగే వదిలి పెద్ద చక్రం మీదికి గేరు వేస్తే డీరెయిలర్ గారు హోదాతో సహా చువ్వల్లోకి వెళ్లిపోతారు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారపు హ్యాంగర్; కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకోవాలి. 2019లో శ్రామ్ తెచ్చిన యూడీహెచ్ (యూనివర్సల్ డీరెయిలర్ హ్యాంగర్) రకం ఫ్రేమయితే ఆ వెతుకులాట తప్పుతుంది, దానికి షిమానో డీరెయిలర్ కూడా నిక్షేపంగా పడుతుంది.

చైను సంగతి ఇంట్లో స్కేలుతో తేలుతుంది. పన్నెండు పూర్తి లింకులు (లోపలి ముక్క, బయటి ముక్క కలిపి ఒకటి) సరిగ్గా 12 అంగుళాలుండాలి; మిల్లీమీటరున్నర పెరిగితే 11, 12 గేర్ల చైను మార్చేయాలి, లేకపోతే అది క్యాసెట్‌ని కూడా తినేస్తుంది. కొబ్బరినూనె పోస్తే చైను కాస్తా ధూళికి జిగురుపట్టీ.

ఏడాది తిరిగేసరికి అదే సెల్లార్లో అమ్మకం చీటీ వెలుస్తుంది: "ఎక్స్‌టీ డీరెయిలర్, 12 స్పీడ్, చాలా తక్కువ వాడాం." హబ్ ప్రస్తావన ఉండదు. కొనేవాళ్లు వెనక పళ్లచక్రాల మీద టార్చి వేసి చూడాలి. చిన్నవైపు నుంచి మూడోది, నాలుగోది పూత పోయి మెరుస్తుంటాయి. 51 పళ్ల పెద్ద చక్రం మీద మాత్రం చైను ఆనవాలు కూడా ఉండదు, ఫ్యాక్టరీ గ్రీజు అలాగే ఉంటుంది.