మళ్ళీ వస్తానని చెప్పకూడదు

ఈ ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులు. మాటలు మాత్రం అమెరికాలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో, అంటే చర్చిల్లో, ఆదివారం భోజనాల దగ్గర నిజంగా వినపడేవే. బాబాయి 2007 జూలైలో సంఘం తరఫున పదిమందితో కలిసి రష్యా వెళ్ళారు. మాస్కోకి తూర్పున వ్లదీమిర్ ప్రాంతంలో ఒక 'డెట్స్కీ డోమ్'లో పది రోజులున్నారు. పిల్లల ఇల్లు అని అర్థం, అక్కడ అనాథాశ్రమాన్ని అలాగే అంటారు. ఆయన అన్న కూతురు కెజియా టెక్సస్‌లో ఫోస్టర్ కేర్ పిల్లల కేసులు చూస్తుంది, అంటే సొంతింట్లో ఉండలేక వేరేవాళ్ళ ఇళ్ళల్లో పెరిగే పిల్లలవి. నేను కెజియా పక్షం. అయినా బాబాయి మాటల్లో కొన్నిటికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వాటిని తీసెయ్యలేదు.

బాబాయి: సంఘంలో ఆ ఫోటోలు చూపిస్తుంటే నువ్వు లేచి బయటికెళ్ళిపోయావ్. అందరూ చూశారు. ఏమైందమ్మా?

కెజియా: పసుపు గౌను పిల్ల ఫోటో చూసి లేచాను బాబాయ్. మీ మెడ పట్టుకుని వేలాడుతోంది కదా, ఆ పిల్ల. అప్పటికి మీరు వెళ్ళి ఎంతసేపైంది?

బాబాయి: బస్సు దిగి అరగంట కూడా కాలేదు. గుమ్మంలో బూట్లు విప్పించి ఇంట్లో వేసుకునే చెప్పులిచ్చారు, అక్కడ ఎవరింటికెళ్ళినా అదే పద్ధతి. నేను వంగి ఆ చెప్పుల్లో కాలు పెడుతుంటే వెనకనించి వచ్చి వాటేసుకుంది. ఆరేళ్ళుంటాయి. పేరు నాస్త్య. ఆ పది రోజులూ నా వేలు వదల్లేదు. నాకు రష్యన్ ముక్క రాదు, దానికి ఇంగ్లీషు రాదు. ప్రేమకి భాష అక్కర్లేదని ఆ రోజు అర్థమైంది నాకు.

కెజియా: మీ మనవరాలికీ ఆరేళ్ళే. ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటికొస్తే ఏం చేస్తుంది?

బాబాయి: వాళ్ళమ్మ వెనకాల నక్కుతుంది.

కెజియా: నక్కాలి. నక్కడానికి ఒక అమ్మ ఉన్న పిల్ల చేసే పని అది. ఎవరూ లేని పిల్ల, ఎవరొస్తే వాళ్ళకి అతుక్కుంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో రోజూ చూస్తాను బాబాయ్. నాలుగిళ్ళు మారిన పిల్లాడు ఐదో ఇంట్లో మొదటి సాయంత్రమే ఆ ఇంటావిణ్ణి 'మామ్' అంటాడు. ఆవిడ మురిసిపోయి నాకు ఫోన్ చేస్తుంది. నాకేమో కడుపులో దేవినట్టవుతుంది, ఎందుకంటే రేపు ఆవిడ వదిలేసినా వాడు ఆరో ఇంటికెళ్ళి అదే మాట అంటాడని తెలుసు. అది ప్రేమ పొంగడం కాదు. ఎవరు తనవాళ్ళో, ఎవరు దారినపోయేవాళ్ళో చెప్పే గీత ఆ పిల్లాడి లోపల చెరిగిపోయింది. మన ఫోటోల్లో అందరికీ నచ్చేది సరిగ్గా ఆ గాయమే.

బాబాయి: సరే, పుస్తకాలు చదివినదానివి. ఆరేళ్ళ పిల్ల రెండు చేతులూ చాచి ఎత్తుకోమంటే ఏం చెయ్యాలో ఆ పుస్తకాల్లో రాశారా? విదిలించుకోవాలా?

కెజియా: ఎత్తుకోవాలి. నేనైనా ఎత్తుకుంటాను. నేనడిగేది పదకొండో రోజు పొద్దున గురించి.

బాబాయి: పదకొండో రోజు బస్సెక్కాం. పిల్లలంతా ఇనప కంచె దగ్గర నిలబడ్డారు. అది ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఇంటర్‌ప్రెటర్ అమ్మాయితో 'మళ్ళీ వస్తానని చెప్పు' అన్నాను. చెప్పింది.

కెజియా: వెళ్ళారా?

బాబాయి: తర్వాతి ఏడు ఉద్యోగం పోయింది. ఆ తర్వాత మీ పిన్ని ఆపరేషను. నీకు తెలియనిదేముంది.

కెజియా: తెలుసు బాబాయ్, తప్పు పట్టడం లేదు. కానీ మన ఊళ్ళో పరామర్శకి వెళ్తే ఏం చేస్తాం? లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనం. ఆ ఇంట్లో ఆ మాట అనకూడదని చిన్నపిల్లలక్కూడా తెలుసు. మీరు ఆదివారం చదివిన వాక్యం కూడా అదే పదం కదా, దిక్కులేని పిల్లలను వారి యిబ్బందిలో పరామర్శించుట అని యాకోబు పత్రికలో. పరామర్శ అన్నప్పుడు ఎవరింటికి వెళ్ళామో, వాళ్ళకి ఏం పోయిందో తెలిసి వెళ్తాం. నాస్త్యకి ఏం పోయిందో మీకు తెలుసా? వాళ్ళమ్మ చనిపోయిందా?

బాబాయి: అనాథాశ్రమం కదమ్మా.

కెజియా: రష్యాలో ఆ ఇళ్ళల్లో ఉండే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. తాగుడు, జైలు, జబ్బు, పేదరికం. కోర్టు తల్లిదండ్రుల హక్కులు తీసేస్తే పిల్లలు అక్కడికి చేరతారు. అక్కడివాళ్ళే 'సామాజిక అనాథలు' అంటారు వాళ్ళని. ఆ పిల్లకి ఓ అమ్మమ్మ పక్క ఊళ్ళోనే ఉందేమో, కాస్త డబ్బు, కాస్త అండ దొరికితే ఇంటికి తీసుకెళ్ళేదేమో. పదకొండుమంది పది రోజులున్నారు, ఒక్కరైనా ఆ సంగతి అడిగారా?

బాబాయి: అడగలేదు. సరే, ఇప్పుడు నేను చెప్పేది విను. మేం వెళ్ళింది 2007లో, మాకంటే ముందు వెళ్ళినవాళ్ళున్నారు. 1998 ఆగస్టులో రూబుల్ కుప్పకూలింది. ఆ ఏళ్ళల్లో ప్రభుత్వ జీతాలు నెలల తరబడి అందేవి కాదు. అయినా డ్యూటీకొచ్చిన ఆయాలున్నారు ఆ ఇళ్ళల్లో. అప్పుడు మందులు, డైపర్లు, చలికోట్లు మోసుకెళ్ళిందెవరు? నువ్వు ఎగతాళి చేసే చర్చివాళ్ళే.

కెజియా: ఎగతాళి చెయ్యలేదు.

బాబాయి: ఆగు, నన్ను పూర్తి చెయ్యనీ. ఆ 1998 డిసెంబరులోనే హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ నివేదిక వచ్చింది. వికలాంగులైన పసిపిల్లల్ని వేరే గదుల్లో మంచాల మీద పడేసి ఉంచుతున్నారని లోకానికి తెలిసింది. ఎలా తెలిసింది? బయటి మనిషి గుమ్మం దాటబట్టి. తలుపులు మూసిన ఇంట్లో పిల్లల్ని ఏం చేసినా అడిగే దిక్కుండదు. ఇంకోటి. సోవియట్ కూలిపోయాక 2012 దాకా అమెరికా వాళ్ళు దాదాపు 60,000 మంది రష్యా పిల్లల్ని పెంచుకున్నారు. అందులో కొందరైనా ఇలాంటి యాత్రలో ఒక పిల్లని చూసి, ఇంటికొచ్చి నిద్రపట్టక, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నవాళ్ళే. 2012 డిసెంబరు 28న, అమెరికా వాళ్ళు ఇక రష్యా పిల్లల్ని పెంచుకోకూడదన్న నిషేధం మీద పుతిన్ సంతకం పెడితే, అప్పటికే కాబోయే అమ్మానాన్నల్ని కలిసిన పిల్లలు కూడా అక్కడే ఆగిపోయారు. 2016లో ఇంకో చట్టంతో అనుమతి లేకుండా సువార్త చెబితే జరిమానా. తలుపులు మూయించింది వాళ్ళు. నువ్వు ఇక్కడ కూర్చుని, వెళ్ళడమే తప్పంటున్నావ్. నువ్వు వాళ్ళ పక్షమా, పిల్లల పక్షమా?

కెజియా: ఆ మందుల గురించి మీరన్నదానికి నేను ఎదురు చెప్పలేను. తలుపులు తెరిచి ఉండాలన్నదానికీ చెప్పలేను. ఆ నిషేధం పిల్లల మీద పగ తీర్చుకోవడమే. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నివేదిక రాసినవాళ్ళు పాటలు నేర్పడానికి వెళ్ళలేదు, అడగడానికి వెళ్ళారు.

బాబాయి: పాటలు నేర్పితే తప్పా? మన తాతలకి పాటలు నేర్పింది ఎవరు? అమెరికా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు రాకపోతే నువ్వూ నేనూ ఈ దేశంలో కూర్చుని ఇంగ్లీషు ముక్కలు మాట్లాడేవాళ్ళమా? 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మన మాదిగపల్లెలకి కూలి ఇప్పించకపోతే మన వంశమే ఉండేది కాదు. మీ తాత వాళ్ళ తాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో ఒకడు.

కెజియా: నాన్న చెప్పింది అలా కాదు. ఆయన ఆ తర్వాతి ఏడు తీసుకున్నాడట.

బాబాయి: మీ నాన్నకేం తెలుసు? నేను మా నాయనమ్మ నోటంట విన్నాను. వెల్లంపల్లి దగ్గర ఏటిగట్టున పొద్దున్నించి సాయంత్రం దాకా ముంచుతూనే ఉన్నారట.

కెజియా: నాన్నకి చెప్పింది కూడా ఆవిడే.

బాబాయి: మీ నాన్న చిన్నప్పుడు ఎప్పుడు సరిగ్గా విన్నాడులే.

కెజియా: సరే, ఆ మందలోనే ఉన్నాడనుకుందాం. క్లౌ దొర ఒంగోలుకి ఎప్పుడొచ్చాడు? 1866లో. కరువొచ్చేసరికి ఆయన వచ్చి పదేళ్ళైంది, తెలుగు మాట్లాడుతున్నాడు. మీ పదకొండుమందిలో రష్యన్ ఎవరికొచ్చు? ఇంకోటి బాబాయ్, ఇది మీకూ తెలుసు. కరువు పని నడుస్తున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చినవాళ్ళో, నమ్మి వచ్చినవాళ్ళో తేలాలని. వేలమంది అడుగుతున్నా ఇవ్వలేదు. సాయం ఆగిపోయాకే ఏట్లోకి దిగాడు. మనవాళ్ళ గౌరవం అక్కడుంది. మీ ఫోటోల్లో ఒకటుంది, బల్ల మీద చాక్లెట్ల సంచులు, పక్కన బొమ్మలు అతికించి బైబిలు కథలు చెప్పే ఫ్లానెల్ బోర్డు, ఎదురుగా నలభై మంది పిల్లలు చేతులెత్తి. యేసుని అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి అని అడిగారు కదా. ఎత్తని పిల్ల ఉందా? ఎత్తకుండా ఉండగలిగే పిల్ల ఉందా అక్కడ? క్లౌ దొర ఆ సంచులు ఖాళీ అయ్యేదాకా ఆగేవాడు.

బాబాయి: (చాలాసేపు మాట్లాడలేదు.) నేనా పిల్లకి ఇవ్వగలిగింది ఒక్కటేనమ్మా. బొమ్మలు విరిగిపోతాయి. నేను వెళ్ళిపోతాను. ఆయన వెళ్ళడు. ఆ ఒక్క మాట ఆ పిల్ల చెవిన పడితే చాలనుకున్నాను. అందులో తప్పేముందో నాకిప్పటికీ అర్థం కాదు.

కెజియా: నేనూ అదే నమ్ముతాను బాబాయ్. అందుకే ఇంత బాధ. ఆయన నిన్ను విడిచిపెట్టడు అని చెప్పిన మనిషే మర్నాడు బస్సెక్కాడు. రెండు నెలలకి ఇంకో చర్చి వచ్చింది, అదే మాట చెప్పింది, బస్సెక్కింది. న్యూ ఇయర్‌కి కంపెనీలవాళ్ళు క్రిస్మస్ తాత లాంటి వేషాలేసుకుని మిఠాయిలతో వస్తారు, వెళ్తారు. పదేళ్ళొచ్చేసరికి ఆ మాట మీద ఆ పిల్లకి ఏం నమ్మకం మిగులుతుంది? అక్కడివాళ్ళు ఇది గమనించారు. మాస్కోలో యెలేనా అల్‌షాన్‌స్కాయా అని ఒకావిడ, 2004లో కూతురితో ఆసుపత్రిలో ఉండగా పక్క గదిలో వదిలేసిన పసిపిల్లల ఏడుపు విన్నది. వాళ్ళ దగ్గర ఎవరూ లేరు. అలా మొదలుపెట్టిన పని ఇవాళ అనాథ పిల్లల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ. పిల్లల ఇళ్ళకి బహుమతులు మోసుకెళ్ళడం ఆపండి, పిల్లలు సొంతిల్లు వదిలి అక్కడికి చేరకుండా తల్లులకి సాయపడండి అని ఏళ్ళతరబడి చెప్తోంది ఆవిడ. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యన్, అమెరికన్ పరిశోధకులు కలిసి శిశుగృహాల్లో ఒక ప్రయోగం చేశారు. గుంపులు చిన్నవి చేశారు, మాటిమాటికీ ఆయాలు మారకుండా ప్రతి గుంపుకీ కొద్దిమందినే కుదిరించారు, పిల్లలతో ఎలా ఉండాలో వాళ్ళకి నేర్పారు. తిండి మార్చలేదు, మందులు మార్చలేదు. పిల్లలు మాటల్లో, ఆటల్లోనే కాదు, ఎత్తూ బరువూ కూడా పెరిగారు. అదే గంజి తాగి పెరిగారు బాబాయ్! రోజూ పొద్దున కనిపించే మొహం ఒకటే అయితే ఒంటికి పడుతుంది తిండి. 2014లో రష్యా ప్రభుత్వమే ఉత్తర్వు తెచ్చింది, ఒక్కో గుంపులో ఎనిమిదిమందికి మించకూడదు, ఇంట్లో ఉన్నట్టు ఉండాలని. ఎంతవరకు అమలు చేశారన్నది వేరే సంగతి, దారి మాత్రం అదే. ఎవరో ఒకరు ఉండిపోవాలి. గుంటూరులో అమెరికా మిషనరీ కుగ్లర్ డాక్టరమ్మ 1883లో వచ్చి 1930లో అక్కడే చనిపోయింది.

బాబాయి: అందరూ కుగ్లరమ్మలు కాలేరు. పిల్లలున్నారు, అప్పులున్నాయి. పది రోజులే ఇవ్వగలిగినవాడు ఆ పది రోజులు కూడా ఇవ్వకూడదా?

కెజియా: పది రోజుల ఖర్చు ఇవ్వొచ్చు. తలకి ఎంతైంది మీకు?

బాబాయి: మూడు వేల డాలర్లు.

కెజియా: పదకొండుమందికి ముప్ఫై మూడు వేలు. అక్కడే పుట్టి, అక్కడే ఉండే ఆయాలకి జీతమైతే ఎన్నేళ్ళు వచ్చేదో లెక్క చూడండి.

బాబాయి: ఆ డబ్బు అలా అడిగితే ఎవరూ ఇవ్వరమ్మా. నాస్త్య ఫోటో చూపిస్తే ఇస్తారు. ఇది మంచో చెడో నాకు తెలియదు, ఇరవై ఏళ్ళుగా చందాలు పోగుచేస్తున్నాను, ఉన్నమాట చెప్తున్నాను.

కెజియా: అది నిజమే. దానికి నా దగ్గర మందు లేదు.

బాబాయి: రష్యా దారి ఎలాగూ మూసుకుపోయింది. ఈ వేసవికి మన యూత్‌ని చీరాల దగ్గర అనాథపిల్లల హోముకి పంపుదామనుకుంటున్నాం. పన్నెండుమంది పేర్లిచ్చారు. అదీ వద్దంటావా?

కెజియా: ఆ హోములో పిల్లలకి అమ్మానాన్నలున్నారా?

బాబాయి: కొందరికి ఉండొచ్చు.

కెజియా: ఎంతమందికి?

బాబాయి: పాస్టరుగారిని అడగాలి. అక్కడిప్పుడు తెల్లవారుజాము. రాత్రికి ఫోన్ చేస్తాను.