తల ఖరీదు కడితే చట్టం చుట్టమేనా?

ఆఫ్రికాలో ఏనుగును కాల్చి చంపి, దాని దంతాలను ఇంటికి తెచ్చుకుంటానని అడిగే తమ పౌరుడి దగ్గర అమెరికా ప్రభుత్వం తీసుకునేది ఒక దరఖాస్తు, 100 డాలర్ల ఫీజు. నల్ల ఖడ్గమృగం తలకైనా ఫీజు అంతే. ఇక ఆ వేట కోసం పెట్టే ఖర్చంటారా, అది వేలల్లో, లక్షల్లో ఉంటుంది. ఏటా కొత్త సంవత్సరం మొదట్లో అక్కడి సఫారీ క్లబ్బులు, అంటే వేటగాళ్ల సంఘాలు, కన్వెన్షన్ సెంటర్లలో సమావేశాలు పెట్టి వేటలను వేలం వేస్తాయి. 2014 జనవరిలో డాలస్ సఫారీ క్లబ్ వేలంలో, నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని చంపే అవకాశం 3,50,000 డాలర్లకు అమ్ముడైంది. డాలస్ అంటే మన తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకుని, గుళ్లు కట్టుకుని స్థిరపడిన ఊరే. అక్కడ జరిగింది మనకు సంబంధం లేని వార్త అని ఈ పత్రిక అనుకోవడం లేదు.

వేలం కన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది ఆ తర్వాత ప్రభుత్వం చేసిన పని. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువులను, వాటి శరీర భాగాలను అమెరికాలోకి తేవడం 1973 నాటి చట్టం ప్రకారం నిషేధం. మినహాయింపు ఇవ్వాలంటే ఆ జాతి మనుగడకు మేలు జరుగుతుందని తేలాలి. జంతువును చంపితే జాతికి మేలు ఎలా జరుగుతుందయ్యా అంటే, వేటగాడు కట్టిన డబ్బు సంరక్షణ నిధికి వెళ్తుంది కాబట్టి అన్నారు, 2015 మార్చిలో దిగుమతికి ఒప్పుకున్నారు, మేలో ఖడ్గమృగాన్ని చంపేశారు. కట్టిన సొమ్మే అర్హత అయిపోయింది. ఒకసారి ఒకరికి ఇలా ఇచ్చాక రెండోవాడికి కాదని ఎలా అంటారు? అనలేదు. నమీబియాలోనే 2018లో మరో అమెరికన్ నల్ల ఖడ్గమృగాన్ని చంపాడు, 4,00,000 డాలర్లు కట్టాడు, 2019లో అతనికీ పర్మిట్ వచ్చింది. మినహాయింపు అన్నది రేటు కార్డుగా మారడానికి పట్టిన కాలం అంతే.

వేటను సమర్థించే వాళ్ల మాటలో అసలు నిజం లేదని మేం అనం. నమీబియాలో ఆ డబ్బు సంరక్షణ నిధికి చేరుతుంది, చంపడానికి ఎంచుకునేది వయసు మళ్లి మిగతా వాటి మీద పడే మగ ఖడ్గమృగాన్ని అంటారు. పాకిస్తాన్‌లో మార్ఖోర్ కొండమేకల వేట సొమ్ములో సింహభాగం స్థానిక ఊళ్లకే వెళ్తుందని కూడా గుర్తు చేస్తారు. సరే, ఒప్పుకుందాం. కానీ డబ్బు నమీబియాకు వేట దగ్గరే చేరిపోయింది కదా, ఆ తల టెక్సాస్ చేరడం వల్ల నమీబియాలోని ఖడ్గమృగానికి అదనంగా ఒరిగేదేమిటి? దీనికి వాళ్లు చెప్పే జవాబు ఒకటే: తల ఇంటికి రాకపోతే ఎవరూ అంత డబ్బు కట్టరు అని. అంటే కట్టింది సంరక్షణ కోసం కాదు, తల కోసం. ఇది మేం మోపుతున్న నింద కాదు, వాళ్ల నోటితో వాళ్లు చెప్పేదే.

అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం ప్రకారం మొదటి జాబితాలోని జంతువులతో వ్యాపారం చేయకూడదు. నల్ల ఖడ్గమృగం ఆ జాబితాలోనే ఉంది. మరి ట్రోఫీ, అంటే వేటాడిన జంతువు తల, చర్మం, దంతాల లాంటి గుర్తు, సరిహద్దు ఎలా దాటుతోంది? అది వ్యాపారం కాదట, వేటగాడి సొంత వస్తువట! వేలం పాట పాడారు, ఎక్కువ పాడినవాడికి ఇచ్చారు, లక్షల డాలర్లు చేతులు మారాయి, వేట ఏర్పాట్లు చేసే కంపెనీ నుంచి బొమ్మగా మలిచే టాక్సిడర్మిస్టు దాకా అందరూ బిల్లులు తీసుకున్నారు. సరిహద్దు దగ్గర మాత్రం అది వ్యాపారం కాని సరుకు. పొట్టకూటి కోసం ఒక దంతం అమ్ముకున్న ఆఫ్రికా పల్లెటూరి వాడు స్మగ్లర్, జైలుకు పోతాడు. అదే దంతాన్ని ట్రోఫీ పేరుతో తెచ్చుకున్నవాడు సంరక్షకుడు, దర్జాగా విమానాశ్రయం దాటుతాడు. ఈ రెండు నాలుకల ధోరణిని ఏ పేరు పెట్టి సమర్థిస్తారు?

ఆ సరుకు దాటే తీరు కూడా చూడండి. జంతువు చచ్చాక చర్మం ఒలిచి ఉప్పు పట్టిస్తారు, పుర్రెను ఉడకబెట్టి మాంసం ఊడదీస్తారు, పురుగు పట్టకుండా మందులో ముంచి చెక్కపెట్టెల్లో బిగిస్తారు. ఏనుగు దంతమైతే దాని మీద ఏ దేశానిదో చెప్పే రెండక్షరాల కోడ్, వరుస నంబరు, సంవత్సరం, ఎన్ని కిలోలో బరువు, అన్నీ చెరగకుండా కొట్టాలి. కస్టమ్స్ బ్రోకరు ఫారాలు నింపుతాడు, నిర్దేశించిన రేవులో వన్యప్రాణి విభాగం ఇన్‌స్పెక్టర్ పెట్టె తెరిచి నంబర్లు సరిపోయాయో లేదో చూస్తాడు. సరిపోతే చాలు. దంతం మీది నంబరుకు, కాగితం మీది నంబరుకు తేడా లేకుండా చూడటానికి ఇంత యంత్రాంగం ఉంది, ఆ ఏనుగును చంపడం అవసరమా అని అడగడానికి మాత్రం దరఖాస్తు పరిశీలన ఒక్కటే దిక్కు, అది కూడా జనం కంట పడకుండా.

2014లో జింబాబ్వే, టాంజానియా ఏనుగు ట్రోఫీలను ఇదే అమెరికా ఆపింది. 2016లో ఆఫ్రికా ఏనుగు దంతాల వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా నిషేధించి ప్రపంచానికి పాఠాలు చెప్పింది. అదే నిబంధనల్లో, వేటగాడు ఏడాదికి రెండు ఏనుగుల ట్రోఫీలు తెచ్చుకోవచ్చని రాసుకుంది! ముందు తలుపు మూసి దొడ్డితలుపు తెరవడమంటే ఇదే. 2017 నవంబరులో జింబాబ్వే ఏనుగులకు మళ్లీ గేట్లెత్తామని అధికారులు ప్రకటించారు, గోల రేగగానే అధ్యక్షుడు ట్రంప్ ఆపుతున్నానన్నారు, ఏనుగుల వేటను హారర్ షో అన్నారు. 2018 మార్చి వచ్చేసరికి దేశాలవారీ నిర్ణయాలే తీసేసి, ఒక్కో దరఖాస్తును విడివిడిగా చూస్తామని ఓ మెమో వెలువడింది. హారర్ షో ఆగలేదు, కాకపోతే తెర వేశారు. 2024లో ఆఫ్రికా దేశాలు ఏటా ధ్రువీకరణ ఇవ్వాలంటూ నిబంధనలు కొంత బిగించారు, మంచిదే, కానీ డబ్బే అర్హత అన్న అసలు రోగం జోలికి వెళ్లలేదు.

జింబాబ్వేలో సెసిల్ అనే సింహం గుర్తుందా? 2015లో హ్వాంగే పార్కు పక్కన అమెరికన్ దంతవైద్యుడి చేతిలో చచ్చిపోయింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెడకు కాలర్ కట్టి గమనిస్తున్న సింహమది. ప్రపంచం మండిపడితే, చివరికి ఆ వేటగాడి కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయని అక్కడి మంత్రి చెప్పారు. మేం మొదటి నుంచీ అంటున్నదీ అదే: తప్పు కాగితాల్లో లేనప్పుడు, ఆ కాగితాలు ఇచ్చే పద్ధతిలోనే ఉంది. ఆ ఏడాదే ఫ్రాన్స్, ఆస్ట్రేలియా సింహం ట్రోఫీలకు తలుపులు మూసేశాయి. బ్రిటన్‌లో 2023లో నిషేధం బిల్లు కామన్స్ సభ దాటి లార్డ్స్ సభలో కొద్దిమంది పెద్దల సవరణల కింద నలిగిపోయింది. చేయాలనుకుంటే చేయవచ్చు, వద్దనుకుంటే సాగదీయవచ్చు.

నగరాల్లో కూర్చున్న మీకు ఏనుగుల బాధ ఏం తెలుసు అని వేట సమర్థకులు అడుగుతారు. కుప్పం, పలమనేరు, పార్వతీపురం మన్యం రైతులను అడగండి. పండిన చెరకు, వరి రాత్రికి రాత్రి తొక్కుడైపోతాయి, మనుషులు చనిపోయారు, పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. అయినా ఈ గుంపులోని పెద్ద ఏనుగును కోటి రూపాయలకు వేలం వేద్దామని ఇక్కడ ఎవరూ అనలేదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ ఇచ్చిన ఏనుగులను తెచ్చుకున్నాం. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అంది. మన దగ్గర అమలులో లోపాలు బోలెడు, కానీ ప్రాణానికి రేటు కట్టే దాకా మనం పోలేదు.

అందుకే ఢిల్లీ తీరు చూస్తే ఇంకా కోపం వస్తుంది. చీతాల ఆఖరి గుంపును 1940లలో మహారాజుల తుపాకులకు పోగొట్టుకున్న దేశం మనది, 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలను తెచ్చుకున్నాం. ఆ తర్వాత రెండు నెలలకే పనామాలో జరిగిన సైటీస్ సదస్సులో, దంతాల వ్యాపారం మళ్లీ తెరవాలన్న ప్రతిపాదనపై అప్పటిదాకా వ్యతిరేకంగా ఓటేసిన భారత్ ఓటింగ్‌కు దూరంగా కూర్చుంది. ఆ ప్రతిపాదన వీగిపోయింది, అది మన పుణ్యం కాదు. ఎందుకు దూరంగా కూర్చున్నామో కేంద్ర పర్యావరణ శాఖ దేశానికి సూటిగా చెప్పాలి, ఈసారి ఓటు వస్తే చెయ్యెత్తి వ్యతిరేకించాలి. వాషింగ్టన్ చేయాల్సిందీ కష్టమైనది కాదు: ప్రతి ట్రోఫీ దరఖాస్తును, అందులో ఎవరు ఎంత కట్టారో సహా, పర్మిట్ ఇవ్వకముందే బయటపెట్టాలి, ఏడాదికి రెండు ఏనుగుల వెసులుబాటును కొట్టేయాలి. ఖడ్గమృగం మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు తల అడక్కుండా ఆ 3,50,000 డాలర్లు కట్టవచ్చు, దానికి ఏ పర్మిటూ అక్కర్లేదు.